ఎవరి గుట్టు? ఎవరికి చేటు?

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటారు. ఈ సామెత వినకుండా పెరిగిన ఆడపిల్ల మన పేటల్లో లేదు. మొగుడు కొడితే పుట్టింటికొచ్చిన కూతురికి తల్లి ఈ మాటే చెబుతుంది. పెద్దమనుషుల్లో పెడతానన్న కోడలికి అత్త ఈ మాటే చెబుతుంది. అసలీ సామెత ఎవరి పక్షాన మాట్లాడుతుందో ఎప్పుడన్నా ఆలోచించామా? అన్న చేసింది తప్పని మొహం మీద చెప్పి, చెప్పినందుకు గెంటించుకుని, బయటికి నడిచిన తమ్ముడి మీద కట్టిన సామెత ఇది. రావణుడు మనవాడా, పరాయివాడా అనే చర్చ వేరే ఉంది, అది ఇంకోసారి చేసుకుందాం. ఇక్కడ సంగతి సామెత గురించి. ఒక ఆడమనిషిని ఎత్తుకొచ్చి తోటలో కాపలా పెట్టినందుకు లంక చెడలేదట, ఇంటి సంగతి బయటికి పొక్కినందుకు చెడిందట! తప్పు చేసినవాణ్ణి వదిలేసి, తప్పు బయటపెట్టినవాణ్ణి ద్రోహిని చెయ్యడమే ఈ సామెత చేసే పని.

ఈ సామెత చెప్పే ఇళ్ళల్లోనే ఇంకో ఆచారం కూడా ఉంది. ఇంటికి గుట్టుండాలి గానీ ఇంట్లో మనిషికి గుట్టుండకూడదు. కోడలి ట్రంకుపెట్టె తాళంచెవి అత్త దగ్గరుండాలి. చెల్లెలి ఫోను అన్న చూడాలి. పెళ్ళాం ఎవరితో ఎంతసేపు మాట్లాడిందో మొగుడికి లెక్క చెప్పాలి. ముసలి మేనత్త కొంగున కట్టుకున్న ముడిలో ఏముందో ఇంటిల్లిపాదికీ తెలియాలి. చెప్పకపోతే అనుమానం. చెప్పినా అనుమానమే.

ఈ రెంటినీ మనం తారుమారుగా పట్టుకున్నామని నా వాదన. మనిషి గుట్టు మనిషికుండాలి. ఇంట్లో పడే దెబ్బకి గుట్టు ఉండకూడదు. మనమేమో దెబ్బని చీరచాటున దాచిపెట్టి, మనిషి మనసులో మాటని నడివీధిలో పోస్తున్నాం. ఈ పద్ధతి మనది కాదు. మనకి తలుపు లేకుండా చేసినవాళ్ళ దగ్గర్నించి వచ్చింది.

తలుపు లేని ఇళ్ళు

మన తాతల ఇళ్ళకి తలుపుందా? తడిక ఉండేది. అది కుక్కని ఆపేది గానీ కామందు కేకని ఆపేది కాదు. అంటు గనక కామందు లోపలికి రాడు. పేట మొదట్లో నిలబడి కేకేస్తాడు. లోపలున్న మనిషి తింటున్నా, జొరంతో పడుకున్నా, బిడ్డకి పాలిస్తున్నా లేచి రావాల్సిందే. తెలంగాణలో దొర గడి నించి వెట్టికి పిలుపొస్తే పగలని లేదు, రాత్రని లేదు. ఊళ్ళో దొంగతనం జరిగితే పోలీసులు ముందుగా వచ్చేది మన పేటకే. కుండలు బోర్లించి, గుడ్డలు విదిలించి, చాటలో బియ్యం ఎక్కడివని అడిగేవాళ్ళు. నా ఇంట్లోకి నువ్వెందుకొచ్చావని తిరిగి అడిగే నోరు మనకి లేదు. అలా అడగొచ్చన్న ఊహ కూడా లేదు.

ఎరుకల అన్నదమ్ముల సంగతి ఇంకా ఘోరం. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టమని ఒకటి తెచ్చారు. కులం మొత్తాన్ని దొంగల కింద రాసుకున్నారు. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించుకున్నారు. అక్కడ పుట్టిన బిడ్డ మీద కూడా పుట్టుకతోనే అనుమానం. ఆ చట్టం 1952లో పోయింది. అనుమానం మాత్రం పోలేదు.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అని ఒకతనుండేవాడు. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా అతని పేరున స్టేషన్లో చిట్టా తెరిచారు. రాత్రుళ్ళు పోలీసులూ, చౌకీదార్లూ పోయి తలుపు బాదడం, కేకలేసి నిద్ర లేపడం, ఇంట్లో ఉన్నాడో లేడో చూడడం. అతను సుప్రీంకోర్టుకి పోయాడు. 1962 డిసెంబర్లో ఆరుగురు జడ్జీలు తీర్పిచ్చారు. రాత్రిపూట ఇంటికి పోయి లేపడం చెల్లదన్నారు గానీ, మనిషికి తన గుట్టు తనకుండే హక్కు రాజ్యాంగంలో ఎక్కడా లేదన్నారు మెజారిటీ జడ్జీలు. కాదు, ఉంది, స్వేచ్ఛ అంటేనే అదని వేరుగా రాసినాయన మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. ఆయన మన కులపాయన కాదు. అయినా ఆ మాట మనకి అక్కరకొచ్చే మాట. పోలీసు పదేపదే వచ్చి తొంగిచూస్తుంటే ఆ ఇల్లు ఇల్లు కాదు, జైలు అని ఆయన గ్రహించింది మన పేటల్లో ప్రతి ముసలాడికీ అనుభవమే.

ఇప్పుడు వాడు మన ఇంట్లోనే ఉన్నాడు

అర్ధరాత్రి తలుపు బాదే ఆ పోలీసు ఇప్పుడు మన ఇంట్లోనే కాపురముంటున్నాడు. ఒకచోట వాడు అన్న. ఒకచోట మొగుడు. ఇంకోచోట అత్త, ఆడబిడ్డ. మిరపకోతకి పోయి వచ్చిన మనిషిని ఆటో ఎందుకు ఆలస్యమైందని అడుగుతాడు. మేస్త్రీతో నవ్వుతూ మాట్లాడావటగా అని అడుగుతాడు. కాలేజీ బస్సు దిగిన పిల్లని పుస్తకాల సంచి బోర్లించమంటాడు. ఫోన్లో ఎందుకు అక్షరాలు చెరిపేశావంటాడు. తాళం వేసిన పెట్టె కనపడితే చాలు, అందులో ఏదో ఉందంటాడు. ఏముంటుంది? చచ్చిపోయిన తల్లి ఫోటో ఉంటుంది. చిట్టీ కట్టడానికి దాచుకున్న నాలుగు వందలుంటాయి. ఆపరేషన్ కాగితాలుంటాయి. లేదూ, నిజంగానే ఎవరో రాసిన ఉత్తరముంటుంది. ఉంటే ఏం? అది ఆమెది.

దేశం మొత్తం మీద 2019-21లో జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన లెక్క ఒకటుంది. తాము సొంతంగా వాడుకునే ఫోనున్న ఆడవాళ్ళు నూటికి 54 మందే. మిగతావాళ్ళు మొగుడి ఫోనో, కొడుకు ఫోనో అడిగి మాట్లాడాలి. అంటే ప్రతి మాటా ఒకరి చెవిన పడాలి. అక్కతో కష్టం చెప్పుకోవాలన్నా, ఆస్పత్రి నర్సమ్మని అడగరాని సంగతి అడగాలన్నా, పక్కన ఒకడు నిలబడి ఉంటాడు. సొంత ఫోనున్నవాళ్ళ సంగతి మాత్రం ఏం గొప్ప? లాకు నంబరు ఇంట్లో అందరికీ చెప్పాల్సిందే.

దీనికి మనోళ్ళు చెప్పే జవాబు నాకు తెలుసు. ‘కాలం మంచిది కాదు. మన పిల్లకి ఏమన్నా అయితే కేసు పెట్టడానికి కూడా దిక్కు లేనోళ్ళం. చూసుకోకపోతే ఎట్టా?’ అంటారు. ఈ భయం వట్టిది కాదు. ఆసామి కొడుకు చేలో అడ్డం పడితే మన పిల్లనే తప్పుపట్టిన ఊళ్ళున్నాయి. అందుకే అడుగుతున్నా, ఆ రోజున ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? రోజూ సంచి వెతికే తండ్రికి చెబుతుందా? నీదే తప్పనే అన్నకి చెబుతుందా? చెబితే చదువు మాన్పిస్తారు, చెప్పకపోతే చదువన్నా మిగులుతుంది అనుకుంటుంది. చెప్పదు. ఇంట్లో అనుమానం ఎంత పెరిగితే బయటివాడికి అంత ధైర్యం. ఈ పిల్ల ఇంట్లో చెప్పదని వాడికి తెలుసు. అదే వాడి బలం. పసిబిడ్డని కనిపెట్టుకుని ఉండటం వేరు, ఎదిగిన పిల్ల మీద నిఘా పెట్టటం వేరు. మొదటిది బిడ్డ కోసం. రెండోది మన పరువు కోసం.

కులానికి కాపలా

పరువంటే ఏంటి? 1916 మే నెలలో, అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో, ఇరవై అయిదేళ్ళ అంబేద్కర్ కులాల పుట్టుక మీద ఒక వ్యాసం చదివాడు. కులం నిలబడేది తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం మీద అని తేల్చాడు. ఆ కట్టు తెగకూడదంటే ఆడదాన్ని అదుపులో పెట్టాలి. మొగుడు చచ్చిన ఆడది బతికుంటే కట్టు తెంపుతుందేమోనన్న అనుమానంతోనే సతి అన్నారు, మోడు బతుకన్నారు. పిల్ల మనసు విచ్చుకోకముందే పెళ్ళి చేసేశారు. అంబేద్కర్ చెప్పినదాన్ని మన ఇళ్ళకి అన్వయించుకుంటే ఒకటి తెలుస్తుంది. ఇంటి ఆడపిల్ల మీద అనుమానం అనేది ఎవడో ఒకడి చెడ్డ బుద్ధి కాదు. అది కులానికి కాపలా ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఎంతదాకా పోతుందో మిర్యాలగూడలో చూశాం. 2018 సెప్టెంబర్ 14న, ఆస్పత్రి బయట, కడుపుతో ఉన్న భార్య కళ్ళ ముందే ప్రణయ్‌ని నరికి చంపించారు. కూతురు మాల పిల్లోణ్ణి చేసుకుందని ఆ తండ్రి సుపారీ ఇచ్చాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అసలు కాపలాదారుడు అంతకు ముందే 2020లో చచ్చిపోయాడు. కూతురి మీద అనుమానంతో మొదలైంది మనవాడి మెడ మీద కత్తితో ముగిసింది.

మరి ఆ అనుమానంతో మనకేం పని? మనకేం కులముందని కాపాడుకుంటున్నాం? మెడలో ముంత, మొలకి తాటాకు కట్టిన కులాన్నా? మాల ఇంటి పిల్ల మాదిగ పిల్లోడితో మాట్లాడితే, మాదిగ ఇంటి పిల్ల రెల్లి పిల్లోణ్ణి ఇష్టపడితే, మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మనకి తెలియదా? మీటింగుల్లో కుల నిర్మూలన అని గొంతు చించుకునే అన్న, ఇంటికొచ్చి చెల్లెలి ఫోను లాక్కుంటే, ఆ చేత్తో వాడు ఎవరి గాదెకి కాపలా కాస్తున్నట్టు? మన గాదె కాదు. ఆ గాదెలో మన గింజ ఒక్కటి లేదు.

ఇంట్లో రెండు గ్లాసులు

హోటల్లో రెండు గ్లాసుల మీద మనం కొట్లాడాం. మనకి వేరే గ్లాసు, కడిగేది కూడా మనమే. ఆ అవమానం ఇంకా ఒంటి మీద పచ్చిగానే ఉంది. అలాంటి మన ఇళ్ళల్లో, వాడికి ఎయిడ్స్ ఉందట, ఆమెకి క్షయ ఉందట అని అనుమానం రాగానే మొదట చేసే పని ఏంటి? కంచం వేరు చేస్తాం. గ్లాసు వేరు చేస్తాం. చాప తీసి వసారాలో వేస్తాం. ఆస్పత్రి చీటీ ఆ మనిషి దాచుకుంటే, దొంగతనంగా తీసి చదువు వచ్చినోడి చేత చదివిస్తాం. ఎయిడ్స్ ఒకే కంచంలో తింటే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు. క్షయ గాలిలో దగ్గు ద్వారా వస్తుంది గానీ కంచం ద్వారా కాదు, అదీ సరైన మందులు మొదలుపెడితే కొన్ని వారాల్లో అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నించి అమల్లోకొచ్చింది. ఒక మనిషికి ఆ జబ్బుందన్న సంగతి, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టడం ఆ చట్టం ప్రకారం తప్పు. జబ్బు మనిషి చీటీ దాచుకోవడం దొంగతనం కాదు. మనమేం చేస్తామో తెలుసు గనక దాచుకుంటున్నారు.

ఒంటరి ముసలమ్మ గతి ఇంకా చెడ్డది. మొగుడు లేదు, పిల్లల్లేరు, తమ్ముడి పంచన ఉంటుంది. రాత్రిపూట నిద్రపట్టక లేచి కూర్చుంటుంది. తనలో తాను గొణుక్కుంటుంది. ఏదో వేరు మూట దాచుకుంటుంది, మోకాళ్ళ నొప్పికి కట్టుకోను. ఇంట్లో బిడ్డకి జొరమొచ్చి తగ్గకపోతే అందరి కళ్ళూ ఆ మూట మీదికి పోతాయి. కోస్తాలో చిల్లంగి అంటారు, తెలంగాణలో బాణామతి అంటారు. పేరేదైనా పద్ధతి ఒక్కటే. ముందు గుసగుస, తర్వాత భూతవైద్యుడు, తర్వాత పళ్ళు ఊడగొట్టడం, తర్వాత కిరసనాయిలు. బయటివాళ్ళ కంటే ముందు అనుమానించింది అన్నం పెట్టిన ఇల్లే. తరచి చూస్తే చాలాసార్లు ఆ ముసలమ్మ పేరున అరెకరమో, ఇంటి స్థలంలో వాటానో ఉంటుంది. ఆ బిడ్డకి వచ్చింది ఏ జొరమో రక్తం పరీక్ష చేయిస్తే తెలిసేది. అప్పు తెచ్చి భూతవైద్యుడికిచ్చిన డబ్బుల్లో పదో వంతు కూడా దానికి కాదు.

కోర్టులు ఏమన్నాయి

ఈ గుట్టు గొడవ పెద్దింటోళ్ళ సోకు, మనకెందుకు అనుకోవద్దు. మన రాష్ట్రం నించే దీని మీద గట్టి మాట ఒకటి వచ్చింది. కాపురానికి రాని భార్యని రమ్మని మొగుడు కోర్టు ద్వారా ఆర్డరు తెచ్చుకునే సెక్షను హిందూ వివాహ చట్టంలో ఉంది, తొమ్మిదో సెక్షను. పదహారేళ్ళకి పెళ్ళయి వెంటనే విడిపోయిన ఒక సినిమా నటి మీద ఆమె మొగుడు కడప సబ్‌కోర్టులో ఆ కేసు వేశాడు. అది హైకోర్టుకొచ్చింది. 1983 జూలైలో జస్టిస్ పి.ఎ.చౌదరి ఆ సెక్షనే చెల్లదని కొట్టేశాడు. ఆడదాని ఒళ్ళు ఆమెది, ఎవరితో పడుకోవాలో, బిడ్డని ఎప్పుడు కనాలో రాజ్యం శాసించడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారం. సరిత కేసు అని దాన్నే అంటారు. ఏడాది తిరిగాక, ఏం లాభం, 1984 ఆగస్టులో ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోనంది. సెక్షను మళ్ళీ బతికింది.

2007లో ఇంకో కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, భార్య ఫోను మాటలు ఆమెకి తెలియకుండా మొగుడు రికార్డు చెయ్యడం చట్టవిరుద్ధమంది. మొగుడైనంత మాత్రాన పెళ్ళాం మాటలకి యజమాని కాదన్నట్టే గదా! 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు ఒక్క మాట మీద, మనిషికి తన గుట్టు తనకుండటం ప్రాథమిక హక్కే అన్నారు. 1962 నాటి తప్పుని దిద్దారు. కోకా సుబ్బారావు మాటకి యాభై అయిదేళ్ళ తర్వాత బలమొచ్చింది. ఇంటి చాటున ఆడవాళ్ళ మీద జరిగే హింసకి ఈ హక్కుని ముసుగుగా వాడుకోకూడదని కూడా ఆ తీర్పులోనే హెచ్చరించారు. ఈ రెండో ముక్క మనోళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి.

మళ్ళీ 2025 జూలై 14న ఇద్దరు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి, పెళ్ళానికి తెలియకుండా మొగుడు, మొగుడికి తెలియకుండా పెళ్ళాం రికార్డు చేసిన మాటలు వాళ్ళ విడాకుల కేసులో సాక్ష్యంగా పనికొస్తాయంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టేదాకా వచ్చిందంటే ఆ కాపురం అప్పటికే చెడినట్టని అభిప్రాయపడింది. దీన్ని ఎట్టా చూడాలి? దెబ్బలు తినే ఆడదానికి ఇది కొంత ఆసరానే. నాలుగ్గోడల మధ్య వాడు తిట్టిన తిట్లకి సాక్షి ఎవరొస్తారు? ఫోనే రావాలి. కానీ మన పల్లెల్లో ఫోను ఎవరి చేతిలో ఉంది? రికార్డు పెట్టడం ఎవరికొచ్చు? వకీలుకి డబ్బు కట్టేదెవరు? తన్నినవాడికీ, తన్నులు తిన్నదానికీ ఒకే కత్తి ఇచ్చి ఇద్దరూ సమానమంటే, కత్తి పట్టడం వచ్చినవాడికే అది పనికొస్తుంది. అనుమానం మొగుళ్ళకి ఈ తీర్పు ఒక లైసెన్సు కాకుండా చూడాల్సిన బాధ్యత మహిళా సంఘాల మీదా, మన వకీళ్ళ మీదా ఉంది.

నాలుగు గోడల వింత

ఇక్కడొక వింత చూడండి. పోలీసు వెతకడానికొచ్చినప్పుడు, కామందు కేకేసినప్పుడు మన ఇంటికి గోడల్లేవు. మనల్ని కులం పేరుతో తిట్టినప్పుడు మాత్రం గోడలు ఎక్కడ్నించో లేచొస్తాయి. 1989 అట్రాసిటీ చట్టం ప్రకారం కులం పేరుతో తిట్టింది నేరం కావాలంటే అది జనం కళ్ళెదుట జరగాలి. 2020 నవంబర్లో ఉత్తరాఖండ్ నించి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, ఇంటి నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు తిడితే అది జనం కళ్ళెదుట తిట్టినట్టు కాదు, ఆ సెక్షను కింద నేరం కాదు అంది. మరి కులాంతర పెళ్ళి చేసుకుని అగ్రకులపోడి ఇంటికి కాపురానికెళ్ళిన మన పిల్ల సంగతేంటి? అత్త రోజూ వంటింట్లో కులం పేరు పెట్టి తిడుతుంది. గడప దాటి రానీయదు. కంచం వేరు. సాక్షి ఎవరు? అత్తే, మామే, మొగుడే. ఇంటి గుట్టు లంకకు చేటు అనే సామెతకి ఇప్పుడు సెక్షను నంబరు కూడా దొరికింది. ఈ ‘కళ్ళెదుట’ అనే షరతు కనీసం కాపురాల విషయంలోనన్నా పోవాలని దళిత సంఘాలు అడగాలి.

అట్టాగే మన ఇళ్ళల్లో పడే దెబ్బ సంగతి. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నించి అమలైంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా కాపురమున్న ఆడదాన్ని బయటికి గెంటడానికి వీల్లేదని అందులో ఉంది. మన పేటల్లో ఎంతమంది వాడుకున్నారు? ‘మనోణ్ణి మనమే పోలీసులకి పట్టిస్తామా?’ అంటారు పెద్దలు. పోలీసు మన మగపిల్లల్ని ఏం చేస్తాడో తెలిసినవాళ్ళం గనక ఆ మాటకి బరువుంది. కాదనను. అయితే పోలీసు దాకా పోకుండా పేటలోనే వాణ్ణి నిలదీశామా? సంఘంలోంచి తీసేశామా? కొట్టినవాణ్ణి అంబేద్కర్ జయంతి కమిటీలో కూర్చోబెట్టి, కొట్టించుకున్న ఆమెని గుట్టుగా ఉండమంటే, మనం కాపాడుతున్నది జాతిని కాదు, వాడి చేతి కర్రని.

తాళంచెవి ఎవరి దగ్గర?

దాచుకోవడం తప్పయితే 1992లో నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమమే లేదు. దూబగుంటలో మొదలై ఊరూరా ఆడవాళ్ళు సారా దుకాణాలకి తాళాలేశారు. 1993 అక్టోబర్ 1 నించి ప్రభుత్వం సారా నిషేధించాల్సొచ్చింది. ఆ తర్వాతే నెల్లూరులో రోజుకో రూపాయి కూడేసే పొదుపు సంఘాలు అల్లుకున్నాయి. అంతకు ముందు ఆ రూపాయి ఎక్కడుంది? బియ్యం డబ్బాలో ఉంది, పోపుల పెట్టెలో ఉంది, మొగుడి కంట పడకుండా ఉంది. మొగుళ్ళు దాన్ని దొంగసొత్తన్నారు. నిజానికి అది పిల్లల పొట్ట నిండా కూడు. ఇవ్వాళ్టికీ సంఘం పాసుపుస్తకం ఆమె పేరునా, ఏటీఎం కార్డు మొగుడి జేబులోనా ఉన్న ఇళ్ళు ఎన్ని లేవు?

ఇంకో మాట. గుట్టుండాలంటే ముందు చోటుండాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒకే గదిలో బతుకుతున్నాయని తేలింది. ఆ ఒకే గదిలో కొత్త దంపతులు, అత్తమామలు, ఎదిగిన ఆడబిడ్డ. చీర అడ్డం కట్టుకుని కాపురాలు. బట్ట మార్చుకోవాలంటే చీకటి పడాలి. ఇలాంటి ఇంట్లో ఒకరి నిట్టూర్పు ఇంకొకరికి వినపడుతుంది, ఒకరి మౌనం కూడా ఇంకొకరికి అనుమానమవుతుంది. ప్రభుత్వాలు మనకి ఇళ్ళిచ్చామని చెప్పుకుంటాయి. 2020లో ఆంధ్రలో పట్నాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలమిచ్చారు. తెలంగాణలో 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపుటడుగులు. దాంట్లో రెండు గదులుండటం మంచిదే, వచ్చినవాళ్ళెంతమంది అన్నదే ప్రశ్న. ఇల్లు అడిగేటప్పుడు మనం పట్టా మాత్రమే అడుగుతున్నాం. గడియ పడే గది ఒకటి, గడియ పడే స్నానాలగది ఒకటి ఉండాలని కూడా అడగాలి. అది సోకు కాదు. మనిషి మనిషిగా ఒక్క నిమిషమన్నా ఒంటరిగా ఉండే చోటు.

ఏది దాచొచ్చు, ఏది దాచకూడదు అని తేల్చుకోవడానికి పెద్ద చదువక్కర్లేదు. దాచడం వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో చూడాలి. ఆడపిల్ల తన మనసులో మాట దాచుకుంటే ఎవరికీ దెబ్బ లేదు. మొగుడు పెళ్ళాన్ని కొట్టింది దాస్తే ఆమెకి దెబ్బ. మామ చిన్నపిల్ల మీద చెయ్యేసింది దాస్తే ఆ పిల్లకి జీవితమంతా దెబ్బ. ముసలమ్మ మూట ముసలమ్మది. ముసలమ్మ స్థలం మీద కన్నేసి చిల్లంగి అని పుట్టించినవాడి సంగతి మాత్రం పేటంతా తెలియాలి.

అక్కలారా, అన్నలారా, వచ్చే పేట సమావేశంలో ఈ సంగతి పెట్టండి. కులం పేరుతో ఇంట్లో తిట్టినా నేరమే కావాలన్న డిమాండు మీద సంతకాలు సేకరించండి. ఆడవాళ్ళని కొట్టేవాడికి సంఘంలో పదవి లేదని తీర్మానం చెయ్యండి. చిల్లంగి అనుమానం పుట్టిన ఇంటికి ఆ రోజే నలుగురు కలిసి పోయి, ఆ ముసలమ్మ పక్కన కూర్చోండి. ఇవన్నీ అయ్యేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది, అది ఇవ్వాళే చెయ్యొచ్చు. ఇంట్లో ఆడమనిషి పెట్టె తాళంచెవి మీ దగ్గరుంటే తీసి ఆమె చేతిలో పెట్టండి. లోపల ఏముందని మాత్రం అడగొద్దు.

జై భీం.